మా చెల్లెలు మళ్ళీ పాడిన ఏడాది

మా చెల్లెలు మళ్ళీ పాటలు చేసిందని తెలిసిన సాయంత్రం నేను డ్యూటీ నుంచి వచ్చి, కాళ్ళు నీళ్ళ బకెట్లో పెట్టుకుని వంటింటి గడప మీద కూర్చుని ఉన్నాను. ఆ రోజు మా ఆసుపత్రికి నాలుగు వడదెబ్బ కేసులు వచ్చాయి. నలుగురూ ఉపాధి పనికి పోయినవాళ్ళే. సెలైన్లు ఎక్కించడానికి స్టాండ్లు చాలక ఒకరి సీసాను కిటికీ ఊచకు కట్టాను. మా ఆసుపత్రి గుత్తి దారిలో ఒక పల్లెలో ఉంది. నేను అక్కడ నర్సుని. అనంతపురంలో పొద్దున ఏడింటి బస్సు ఎక్కితే సాయంత్రం అయిదుకి ఇల్లు చేరతాను. ఇరవై ఆరేళ్ళుగా ఇదే దారి.

చెల్లెలు గది తలుపు తీసుకుని వచ్చి నా ఎదురుగా నిలబడింది.

"అక్కా, కొన్ని పాటలు చేసినా," అంది.

"ఎప్పుడు?"

"రెండేండ్ల నుంచి చేస్తాండా. నువ్వు డ్యూటీకి పోయినప్పుడు."

"ఎన్ని?"

"తొమ్మిది."

అక్కగా నేను సంతోషపడి ఉండాలి. లేచి ఆమెను దగ్గరికి తీసుకుని ఉండాలి. నాకు మొదట వచ్చిన ఆలోచన మాత్రం వేరు. మళ్ళీ మొదలవుతుంది కాబోలు, మళ్ళీ ఎవరెవరో వస్తారు, వాళ్ళకి జవాబు చెప్పడానికి మళ్ళీ నేనే నిలబడాలి అనుకున్నాను.

"అన్నం తింటివా?" అని అడిగాను.

"తింటి," అని ఆమె లోపలికి పోయింది.

మా చెల్లెలి పేరు రాయను. రాస్తే గుర్తుపట్టేవాళ్ళు కొందరున్నారు, తెలియనివాళ్ళే ఎక్కువ. ఆమె పాడేవి సినిమా పాటలు కావు, లలిత గీతాలూ కావు. బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న రోజుల్లో ఇద్దరు స్నేహితులతో కలిసి ఒక బృందం పెట్టుకుంది. కంప్యూటర్లో తన గొంతునే ఏడెనిమిది సార్లు ఒకదాని మీద ఒకటి పేర్చేది. మాటలు మన తెలుగే, అదీ మా ఇంట్లో మాట్లాడే తెలుగు. పల్లవి ఎక్కడో, చరణం ఎక్కడో వెతికితే దొరకదు. వేదిక మీదికి శెనక్కాయల గోనెసంచులతో కుట్టించుకున్న గౌను వేసుకుని, ముఖానికి తెల్లరంగు పూసుకుని వచ్చేది. మొదటిసారి ఆ ఫోటో చూసినప్పుడు నాకు సిగ్గేసింది. ఆ గోనెసంచుల మీద అక్షరాలు కూడా అట్లాగే ఉంచేసింది.

కుర్రకారుకి అది నచ్చింది. బెంగళూరు, హైదరాబాదు, ఇంకా దూరంగా కూడా ఆమెను పిలిచారు. అన్నిటికంటే ఎక్కువమంది విన్న పాట ఒకటుంది. అది ఒక దడదడమనే చప్పుడుతో మొదలవుతుంది. ఇట్లాంటి చప్పుడు ఏ యంత్రంతో తెచ్చారని పెద్ద పెద్ద ఊళ్ళలో అడిగేవాళ్ళట. నాకు వినగానే తెలిసింది. అది బోరు బండి చప్పుడు. గుత్తికి అవతల మా నాయనకు ఆరెకరాల మెట్టచేను ఉండేది. నాలుగు బోర్లు వేయించాడు. మూడో బోరు వేసినప్పుడు చెల్లెలికి పదేళ్ళు. రెండు పగళ్ళు ఆ బండి దడదడలాడింది. నాయన తలకి తువ్వాలు చుట్టుకుని, గుంతలోంచి ఎగిరే తెల్లదుమ్ము తడిగా మారుతుందేమోనని చూస్తూ గొంతుకూర్చునే ఉన్నాడు. మారలేదు. చెల్లెలు ఆయన పక్కనే కూర్చుని నోటితో ఆ చప్పుడు చేసేది. అమ్మ కసిరితే కాసేపు ఆపి మళ్ళీ మొదలుపెట్టేది.

ఆ పాట నా ఫోన్లో నాయనకి వినిపించాను. చివరిదాకా విన్నాడు. ఆడపిల్ల ఊళ్ళెంబడి తిరిగి గోనెసంచులు కట్టుకుని పాడుతున్నందుకు తిడతాడనుకున్నాను.

"మన మూడో బోరు కదా ఇది," అన్నాడు.

"అవును నాయనా."

"నీళ్ళు పడినట్టు పాడిందే," అని ఫోను నా చేతికిచ్చి ఎద్దులకి మేత వేయడానికి పోయాడు.

ఆ మరుసటి ఏడు నాయన గుండె ఆగి పోయాడు. అమ్మ అంతకు ముందే లేదు. చెల్లెలు వచ్చి కర్మలయ్యేదాకా ఉండి వెళ్ళింది. రెండు నెలల తర్వాత ఒక మధ్యాహ్నం మా ఇంటికి ఒక పెట్టెతో వచ్చింది. హైదరాబాదులో పాడుతూ పాడుతూ మధ్యలో వేదిక దిగిపోయిందని పేపర్లో చిన్న ముక్క పడింది గానీ, నేనది చదివేసరికి ఆమె నా ఎదురుగా కూర్చుని మజ్జిగన్నం తింటోంది.

"పది దినాలు ఉంటానక్కా," అంది.

పదకొండేళ్ళు ఉంది.

నాకు అభ్యంతరం లేదు. మా ఆయన తాడిపత్రి నుంచి బండలు తోలే లారీ నడిపేవాడు. పెళ్ళయిన ఆరేళ్ళకే ఆ లారీలోనే పోయాడు. పిల్లలు లేరు. రెండు గదుల ఇంట్లో ఒకదాన్నే ఉండేదాన్ని. ఆమె వచ్చాక పక్కగది ఆమెది అయింది. సీరియళ్ళలో, సినిమాల్లో జనం మాట్లాడే మాటలు విని, తెర కింద కనబడే అక్షరాలుగా రాసి పంపే పని దొరికించుకుంది. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని టైపు చేసేది. తెల్లవారాక మిద్దె మీద అరగంట నడిచేది. అంతకు మించి గడప దాటడం ఏడాదికి నాలుగైదు సార్లు. పాడటం లేదు. స్నానం చేస్తూ కూనిరాగమైనా తీసేది కాదు. ఎందుకు మానేసింది అని నేను అడగలేదు. ఆసుపత్రిలో రోజంతా జనాన్ని అడుగుతూనే ఉంటాను. ఎక్కడ నొప్పి, ఎన్నాళ్ళ నుంచి, ఏం తిన్నావు. ఇంటికొచ్చి ఇంకొకరిని అడిగే ఓపిక నాకు ఉండేది కాదు. ఆ మాట ఒప్పుకోవాలి.

కానీ వచ్చేవాళ్ళు వస్తూనే ఉన్నారు. ఎవరు చెప్పారో, ఎట్లా తెలిసిందో తెలియదు. ఇంజనీరింగు చదివే పిల్లలు గుంపుగా వచ్చేవాళ్ళు. బెంగళూరు నుంచి గిటారు భుజాన వేసుకుని ఒకాయన రెండుసార్లు వచ్చాడు. ఏదో పత్రికలో రాస్తానని ఒకామె వచ్చి మెట్ల మీద రెండు గంటలు కూర్చుంది. చెల్లెలు గదిలోంచి బయటికి రాదు. నేను తలుపు సగం తీసి చెప్పేదాన్ని. "లేదప్పా, ఊర్లో లేదు." "ఎప్పుడొస్తాదో తెల్దప్పా." మొదట్లో చెప్పడానికి మనసొప్పేది కాదు. తర్వాత తర్వాత ఆసుపత్రిలో చీటీ రాసినంత సులువుగా చెప్పేదాన్ని.

వాళ్ళలో ఒకామె మాత్రం నాకు గుర్తుండిపోయింది. నాలుగేళ్ళ కిందట ధర్మవరం నుంచి వచ్చింది. నా వయసే ఉంటుంది. మగ్గం నేసేవాళ్ళు. కొడుకు బైకు మీద పోతూ లారీ కింద పడి పోయాడనీ, వాడి ఫోన్లో ఎప్పుడూ ఈ అమ్మాయి పాటే మోగేదనీ చెప్పింది.

"ఏమీ అడగనమ్మా. ఒక్కసారి చూసి పోతా," అంది.

"లేదమ్మా. ఊర్లో లేదు," అన్నాను.

"ఎప్పుడొస్తాది?"

"తెల్దమ్మా."

"నేను కూచోనుంటా లే. సాయంత్రం దాకా ఉంటా."

"రాదమ్మా. కూచోనుండినా రాదు. పో తల్లీ."

ఒక చీటీ మీద ఫోను నంబరు రాసిచ్చి వెళ్ళింది. ఆ చీటీని థర్మామీటరు ఉండే సొరుగులో పడేశాను. ఆమె మెట్లు దిగిపోయాక వెనక్కి తిరిగితే చెల్లెలు వంటింటి తలుపు చాటున నిలబడి ఉంది. ఆ రాత్రి ఇద్దరమూ అన్నం సరిగా తినలేదు.

ఇక ఆ తొమ్మిది పాటల సంగతి. చేసినవాటిని సరిగ్గా రికార్డు చేయాలంది. స్టూడియోకి పోదామంటే రానంది. ఇంట్లోనే చేస్తానంది. అది మే నెల. తలుపులూ కిటికీలూ మూయాలి. ఫ్యాను ఆపాలి. కుళాయి తిప్పకూడదు. కుక్కరు పెట్టకూడదు. నా సెలవు రోజుల్లో పొద్దున పదకొండు నుంచి మూడు దాకా నేను మంచం మీద కదలకుండా పడుకునేదాన్ని. మంచం కిర్రుమన్నా గోడకి అవతలి నుంచి తట్టేది. చెమటకి దిండు తడిసిపోయేది. వారమంతా నిలబడి పనిచేసిన మనిషికి ఆదివారం కూడా అట్లా గడిచిపోతే ఎట్లా ఉంటుందో ఆమెకు తోచలేదు. తోచి ఉంటే అడిగేదేమో. నేను కూడా నోరు తెరిచి చెప్పలేదు.

జూను మొదట్లో ఒక ఆదివారం మధ్యాహ్నం హెడ్‌ఫోన్లు తెచ్చి నా చెవులకి పెట్టింది.

"వినక్కా. వినేదాకా ఏమీ అనొద్దు."

విన్నాను. మొదటి పాటలో నీళ్ళ ట్యాంకరు వచ్చినప్పుడు మా వీధిలో బిందెలు తగిలే చప్పుడు ఉంది. మూడో పాట మొత్తం మా ఫ్యాను. అది తిరుగుతూ ఒకచోట తట్టుకుంటుంది, ఆ తట్టుకునే చోటల్లా ఆమె ఒక మాట పలుకుతుంది. గొంతు మారింది. పూర్వం సన్నగా పైకి ఎగబాకేది. ఇప్పుడు కిందే తిరుగుతోంది, కొంచెం బరువుగా, అడుగు చూసుకుని వేస్తున్నట్టు. నాకు పాటల సంగతి తెలియదు గానీ, బాగున్నాయనిపించింది. ఈ పని మా ఇంట్లోనే జరిగిందా, నేను బస్సులో కునికిపాట్లు పడుతున్నప్పుడు జరిగిందా అని కూడా అనిపించింది.

ఏడో పాట మొదలైంది. ఎవరో ఆడమనిషి గొంతు. "ఒక్కసారి చూసి పోతా." తర్వాత ఇంకో గొంతు. "లేదమ్మా. ఊర్లో లేదు." దాని కింద చెల్లెలి గొంతు మెల్లగా మూలుగుతున్నట్టు వచ్చింది.

ఆ రెండో గొంతు నాదని గుర్తుపట్టడానికి కాస్త సమయం పట్టింది. అంత ఎండిపోయి ఉంటుందని నాకు తెలియదు. "పో తల్లీ" అనే మాట ఒక్కటే తీసి మళ్ళీ మళ్ళీ వచ్చేట్టు చేసింది. మూడోసారి రాగానే హెడ్‌ఫోన్లు తీసి మంచం మీద పెట్టాను.

"ఇది యాడిది మే నీకు?"

"ఆ పొద్దు ఫోన్లో ఎక్కించినా."

"ఏంటికి?"

"ఇంట్లో చప్పుళ్ళన్నీ ఎక్కిస్తానే ఉంటానక్కా. పాడనంటి గానీ, విననంటినా?"

"నన్ను అడగల్లనిపించలేదా?"

"అడిగితే వద్దంటావు."

"వద్దంటానని తెలిసే చేసినావు."

నాకు కోపం వచ్చిందనడం తక్కువ. పదకొండేళ్ళు ఆమె కోసం నేను అబద్ధాలాడాను. ఆ అబద్ధాన్ని ఆమె లోపలి నుంచి పట్టుకుని దాచి పెట్టింది. నాయన బోరు దగ్గర కూర్చున్నప్పుడు పక్కన కూర్చుని ఆ చప్పుడు నేర్చుకున్న పిల్లే ఇది అనుకున్నాను. మా కష్టం మాకు కష్టం, దీనికి పాట. ఆ మాట పైకే అన్నాను. ఆమె హెడ్‌ఫోన్లు తీసుకుని తన గదిలోకి పోయింది.

మూడు రోజులు మాట్లాడుకోలేదు. నేను వండి మూత పెట్టి పోయేదాన్ని. ఆమె తిని గిన్నెలు కడిగి పెట్టేది. నాలుగో రోజు పొద్దున బస్సుకి పోయే ముందు సొరుగు వెతికి ఆ చీటీ తీశాను.

"నా మాట సంగతి తర్వాత. ఆమె మాట కూడా ఉండాది కదా పాటలో. ఆమె ఒప్పుకోవల్ల. నువ్వే పోయి అడగల్ల," అన్నాను.

"నువ్వొస్తావా?" అంది.

ఆసుపత్రి నుంచి ఆ నంబరుకి ఫోను చేశాను. నాలుగేళ్ళయినా మారలేదు. నేనెవరో చెప్పగానే అవతలి నుంచి, "ఆదివారం రాండి, మా ఆయన ఇంట్లో ఉండడు," అని మాత్రం అంది.

ధర్మవరం ప్యాసింజరు ఎక్కాం. చెల్లెలు కిటికీ పక్కన కూర్చుని ముఖానికి చున్నీ చుట్టుకుంది. ఎదురుగా కాలేజీ అమ్మాయిలు నలుగురు ఫోన్లు చూసుకుంటూ కూర్చున్నారు. కాసేపటికి ఉక్కపోసి ఆమె చున్నీ తీసేసింది. వాళ్ళు ఒకసారి తలెత్తి చూసి మళ్ళీ ఫోన్లలో పడ్డారు. ఎవరూ గుర్తుపట్టలేదు. అది ఆమెకి హాయిగా ఉందో, కష్టంగా ఉందో నాకు అర్థం కాలేదు. బయట చేలన్నీ దున్ని పెట్టి ఉన్నాయి. ఎక్కడా విత్తనం పడలేదు.

ధర్మవరం ఆమె ఇల్లు ఒక సందు చివర ఉంది. ముందు గదిలో సగం మగ్గమే. నేలలో గుంట, అందులో కాళ్ళు పెట్టుకుని నేస్తారు. మగ్గం మీద ముదురాకుపచ్చ చీర సగం దాకా వచ్చి ఉంది. ఆమె మాకు చాప పరిచి, మజ్జిగ తెచ్చి ఇచ్చింది. చెల్లెలి వైపు చాలాసేపు చూసింది. నేనే ముందు మొదలుపెట్టాను.

"ఆ పొద్దు నేను అబద్ధం చెప్పినానమ్మా. ఈమె లోపలే ఉన్నింది."

"తెలుసమ్మా," అంది ఆమె. "వాకిట్లో రెండు జతల చెప్పులు ఉన్యాయి."

నేను మజ్జిగ గ్లాసు కింద పెట్టాను.

"తెలిసీ ఏమీ అనకుండా పోయినావే," అన్నాను.

"ఏమంటానమ్మా. నువ్వు అప్పటికే చానా అలిసిపోయినట్టు ఉంటివి."

నర్సుగా నేను ఎంతమంది ముఖాలు చూసి ఎన్ని చెప్పానో లెక్కలేదు. నా ముఖం చూసి ఒకరు ఆ మాట అనడం అదే మొదలు. మజ్జిగ గ్లాసు వైపు చూస్తూ కూర్చున్నాను.

చెల్లెలు తడబడుతూ సంగతంతా చెప్పింది. తను ఎట్లా ఎక్కించుకుందీ, పాటగా ఎట్లా చేసిందీ, ఒప్పుకోకపోతే తీసేస్తానన్నదీ. హెడ్‌ఫోన్లు ఇచ్చింది. ఆమె వాటిని రెండు చేతులతో చెవులకి ఒత్తి పట్టుకుని విన్నది. పాట అయిపోయాక కూడా కాసేపు అట్లాగే పట్టుకుంది.

"నా గొంతు ఇట్లుంటాదా," అంది. తర్వాత, "నా మాట తీసెయ్ తల్లీ," అంది.

"తీసేస్తానమ్మా."

"కోపంతో చెప్పడం లేదు. మా ఆయన వింటే తట్టుకోలేడు. ఈ ఇంట్లో పిల్లోని మాట ఎత్తుకోవడం లేదు మేము. ఎత్తుకుంటే పని సాగదు."

"తీసేస్తానమ్మా," అని చెల్లెలు మళ్ళీ అంది.

"మీ అక్క మాట ఉంచుకుంటావో తీసేస్తావో అది మీ ఇష్టం." ఆమె హెడ్‌ఫోన్లు చెల్లెలి చేతికిచ్చింది. "వాడు వినే పాట ఒకటి పాడతావా? మా ఆయన వచ్చేలోపల."

ఏ పాటో అడగాల్సిన పని లేదు. చెల్లెలు నా వైపు చూసింది. నేనేం చెప్పను. పాడు అనలేదు, వద్దనలేదు. చెల్లెలు గోడకి ఆనుకుని, కాళ్ళు దగ్గరికి ముడుచుకుని, అరచేతితో చాప మీద దరువు వేసింది. మూడో బోరు దరువే, కానీ చాలా నెమ్మదిగా. మొదలుపెట్టింది. రెండో వరస దగ్గర గొంతు పైకి పోలేక విరిగింది. ఆగి, మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకుంది. ఈసారి పైకి పోవాల్సిన చోట పోకుండా కిందనే పాడి ముగించింది. ధర్మవరం ఆమె ఒక చేయి మగ్గపు కొయ్య మీద వేసి, నేల చూస్తూ వింది. ఏడవలేదు.

"వాని ఫోన్లో ఇట్ల ఉండదే," అంది అంతా అయ్యాక. "అది బిరబిరా పోతాంటాది."

"నాకు వయసైపోయిందమ్మా," అంది చెల్లెలు.

ఆమె నవ్వింది. చెల్లెలు కూడా నవ్వింది. ఆమె కొడుకు ఫోటో చూపిస్తుందేమో అనుకున్నాను. చూపించలేదు. మేం అడగలేదు.

తిరుగు రైల్లో సీట్లు దొరకలేదు. తలుపు దగ్గర నిలబడ్డాం. చెల్లెలు ఉన్నట్టుండి చెప్పింది.

"హైదరాబాదులో ఆ పాట మూడుసార్లు అడిగినారక్కా. రెండుసార్లు పాడినా. మూడోసారి చప్పుడు మొదలైంది. కింద అందరూ ఎగురుతాండారు. నాయన దుమ్ములో కూచోనుండేది కనపడె. పాడబుద్ధి కాలేదు. మెట్లు దిగి వచ్చేస్తి. అంతే."

"అంతేనా?"

"అంతే. మళ్ళీ పాడదామనుకుంటి. రేపు, ఎల్లుండి అనుకుంటా ఉంటే ఇన్నేండ్లయ్యె."

పదకొండేళ్ళలో నేను ఏవేవో ఊహించుకున్నాను. ఎవరో మోసం చేశారేమో, గొంతుకి జబ్బేమో అని. ఇంత చిన్న మాటకి ఇన్నేళ్ళా అనిపించింది. మళ్ళీ అంత చిన్నదేం కాదులే అనీ అనిపించింది. నిలబడి నిలబడి నా మోకాళ్ళు లాగుతున్నాయి.

"నాయనకి ఆ పాట నచ్చింది," అన్నాను. ఆయన అన్న మాట అప్పటిదాకా ఆమెకు చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో తెలియదు. నీళ్ళు పడినట్టు పాడిందే అన్నాడని చెప్పాను. ఆమె బయటికి తిరిగి నిలబడింది. రైలు దిగేదాకా ఇటు తిరగలేదు.

ఇంటికి చేరి చెప్పులు విప్పుతూ నేనే అన్నాను. "నా మాట ఉండనీ లే."

ధర్మవరం ఆమె మాటలు తీసేశాక ఏడో పాటలో నా జవాబులే మిగిలాయి. ఆమె అడిగిన చోటల్లా ఖాళీ వదిలింది చెల్లెలు. చివరి మెరుగులు ఇంట్లో కావని, అనంతపురంలో గడియార స్తంభం వైపు ఒక చిన్న స్టూడియో పెట్టుకున్నాయన దగ్గరికి తీసుకుపోయాను. ఎన్నికలొస్తే అన్ని పార్టీలకీ పాటలు చేసేది ఆయనే. మా చెల్లెలి పేరు ఆయన ఎప్పుడూ వినలేదు. ఏడో పాట రెండుసార్లు విని తల గోక్కున్నాడు.

"ఏమక్కా, మధ్యలో ఖాళీలు ఉండాయే. డప్పు పెడదామా? ఎత్తుకుంటాది."

"వద్దన్నా. ఖాళీగానే ఉండనీ," అంది చెల్లెలు.

"జనం ఫోను చెడిపోయిందనుకుంటారక్కా."

"అనుకోనీలే అన్నా."

ఆయన పెద్దగా నిట్టూర్చి, చెప్పినట్టే చేశాడు. పనిమంతుడు. మా ఫ్యాను చప్పుడు మాత్రం వినీ వినీ నవ్వుకున్నాడు. వాళ్ళింట్లో ఫ్యాను కూడా అట్లాగే తట్టుకుంటుందట.

ఆగస్టులో పాటలు బయటికి వచ్చాయి. ఆ ఏడు మాకు వాన సరిగా లేదు. చల్లిన శెనక్కాయ సగం మొలిచి ఎండింది. ఫోన్లలో పాటలు విన్నవాళ్ళు ఏవేవో రాశారు. కొందరికి నచ్చింది. చాలామంది మాత్రం పాత దరువు ఏదీ, ఆ ఊపు ఏదీ, ఇంత నీరసంగా ఉందేమిటని రాశారు. చెల్లెలు వారం రోజులు అన్నీ చదివింది. ఆ తర్వాత మానేసింది. మళ్ళీ సీరియళ్ళ మాటలు టైపు చేసుకుంటూ కూర్చుంది. దాని గురించి ఆమెలో పెద్ద దిగులు కనబడలేదు, సంబరమూ కనబడలేదు.

ఒకరోజు మా ఆసుపత్రిలో పనిచేసే ఆశా వర్కరు అమ్మాయి టీకాల రోజున నా పక్కన కూర్చుని ఫోన్లో ఏదో వింటోంది. నా చెవిన పడగానే తెలిసింది. లేదమ్మా, ఊర్లో లేదు. ఎప్పుడొస్తాదో తెల్దు. రాదమ్మా.

"మేడమ్, ఇది విన్నారా? మా తమ్ముడు పంపించినాడు. వాన మీద పాట. భలే ఉండాది," అంది.

"వాన మీదా?"

"అవును మేడమ్. ఇంగ దేని మీద? రాదంటాండారు కదా. ఈ ముసలామె ఎవరో గానీ, మా అవ్వ మాట్లాడినట్టే ఉండాది."

నాకు యాభై రెండు. తరువాతి పిల్లవాడి తొడకి దూది రుద్దాను. వాడు సూది పడకముందే ఏడుపు మొదలుపెట్టాడు. ఇంటికొచ్చి చెబితే చెల్లెలు కడుపు పట్టుకుని నవ్వింది. నాకు అంత నవ్వు రాలేదు. కానీ తర్వాత రెండు మూడు రోజులు బస్సులో కిటికీ లోంచి ఎండిన చేలు చూస్తున్నప్పుడు, ఆ అమ్మాయి చెప్పిందే నిజమేమో, నేను అన్నేళ్ళూ చెప్పింది అదేనేమో అనిపించేది.

డిసెంబరులో బెంగళూరులో పాడమని పిలిచారు. పెద్ద వేదిక కాదు, నూరు మంది పట్టే గది అట. పోనా వద్దా అని నెల రోజులు నలిగింది. చివరికి పోతానంది. నన్ను రమ్మంది. నాకు సెలవు దొరకలేదు. నిజం చెప్పాలంటే గట్టిగా అడగలేదు కూడా. అంత జనంలో కూర్చుని, ఆమె మధ్యలో ఆగిపోతుందేమో అని ఊపిరి బిగబట్టుకునే ఓపిక నాలో లేదు. బస్టాండులో దించి, టిఫిను డబ్బా, వేడినీళ్ళ ఫ్లాస్కు చేతికిచ్చాను. ఈసారి గోనెసంచి గౌను లేదు. మామూలు నూలు చీర, అది నాదే.

మరుసటి రోజు మధ్యాహ్నం తిరిగి వచ్చింది. నేను ఆ పూట ముందుగా ఇంటికి చేరాను. ఆటో దిగి మెట్లెక్కుతూ రెండుసార్లు ఆగింది. ఒళ్ళు కాలిపోతోంది. థర్మామీటరు పెడితే నూటరెండు. గొంతులోంచి గాలి తప్ప మాట రావడం లేదు.

"అన్నీ పాడితివా?" అని అడిగాను.

తలూపింది.

"మధ్యలో దిగలేదు కదా?"

లేదని చేయి ఊపింది. ఇంకేదో చెప్పబోయింది. వద్దన్నాను. మాత్ర వేసి, జావ కాచి ఇచ్చాను. సగం తాగి గోడ వైపు తిరిగి పడుకుంది. తడిగుడ్డ నుదుటి మీద వేసి పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ఎట్లా జరిగిందో, జనం ఏమన్నారో తెలుసుకోవాలని నాకూ ఉంది. కానీ గొంతు నాలుగు రోజులు విశ్రాంతి అడుగుతుంది, అది నాకు తెలిసిన సంగతి. సాయంత్రం అయిదు గంటలకి జ్వరం కాస్త దిగింది. మర్నాటికి సెలవు చీటీ రాసి, మా డాక్టరుకి ఫోను చేసి చెప్పి, నేను కూడా ఆ గదిలోనే చాప పరుచుకుని నడుము వాల్చాను.